ఇల్లు మారితే ఊరు మారినట్టే

హైదరాబాద్‌లో పేట మారడమంటే ఒక్కోసారి ఊరు మారడమే. చిక్కడపల్లిలో అద్దెకున్నన్నాళ్లూ నాకు బండితో పని పడలేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు అన్నీ నడిచి వెళ్లేంత దూరమే. కూరగాయల బండి కేక వినగానే పై అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్ట దిగేది. డబ్బులు కిందికి, వంకాయలు పైకి, కొసరుగా రెండు రెబ్బల కరివేపాకు. పక్క వాటాలో ఏం వండుతున్నారో పోపు వాసనే చెప్పేసేది.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక నగరం పడమటికి పరుగు తీసింది. ఆ వెనకే ఉద్యోగాలు, ఆ ఉద్యోగాల వెనక మేమూ గచ్చిబౌలి చేరాం. లిఫ్టుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి. చుట్టం వస్తే గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్ చేసి అడుగుతాడు. ఎదురు ఫ్లాట్‌వాళ్ల పేరు మాత్రం గుమ్మం ముందున్న డెలివరీ అట్టపెట్టె మీద చదివి తెలుసుకున్నాను.

అలాగని పాతదంతా బంగారం కాదు. అక్కడ ఇల్లివ్వడానికి ముందు కులం అడిగారు. ఆడపిల్ల ఆలస్యంగా వస్తే వీధంతా గడియారం చూసేది. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. అదీ ఒక సుఖమే.

ఇల్లు వెతుక్కునేవాళ్లకు నాదొకటే మాట: అద్దె, చదరపు అడుగులు సరే, సాయంత్రం ఆరింటికి ఆ వీధిలో ఒకసారి నడిచి చూడండి. నడవడానికి చోటే లేకపోతే ఇంకో ఇల్లు చూసుకోండి.