అమ్మీ ఇంటికి మాలిక్ ఎవరు?

నంద్యాలలో అమ్మీ ఒక్కతే ఉండే ఇంట్లో నాలుగు కంపెనీల స్మార్ట్ సామాను ఉంది. దమ్మామ్ నుంచి భాయ్‌జాన్ పంపిన బల్బులు, హైదరాబాద్ నుంచి ఛోటే తెచ్చిన ప్లగ్గులు, సస్తాగా వస్తోందని ఆన్‌లైన్‌లో కొన్న మోటరు స్విచ్చి, గేటు దగ్గర కెమెరా. ఎవరి మొహబ్బత్ వాళ్లది, ఎవరి యాప్ వాళ్లది. అమ్మీ ఫోనులో మాత్రం ఒక్కటీ లేదు. స్టార్టరు డబ్బా మిద్దె మీద ఉంది, ఆమె మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వవు. ట్యాంకు నిండితే మోటరు ఆపమని దమ్మామ్‌కు ఫోను చేసే హాలత్.

గల్ఫ్‌లో బిడ్డలున్న మన ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. ఒక కంపెనీ బల్బు మరో కంపెనీ యాప్‌కు జవాబు ఇవ్వదు. కొన్ని వైఫైతో, కొన్ని జిగ్‌బీతో నడుస్తాయి. చాలావాటికి హుకుమ్ ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావాలి. నెట్ పోతే అంతే.

ఈ తకలీఫ్ తీర్చడానికే అమెజాన్, యాపిల్, గూగుల్ లాంటివి కలిసి 'మ్యాటర్' అనే ఉమ్మడి పద్ధతి తెచ్చాయి. మొదటి రూపం 2022 అక్టోబరులో వచ్చింది. డబ్బా మీద ఆ గుర్తు ఉన్న సామాను నెట్ లేకపోయినా ఇంటి లోపల పనిచేస్తుంది, ఒకేసారి రెండు మూడు కంపెనీల యాప్‌లకు జతపడుతుంది. కొత్తగా కొనేవాళ్లు ఆ గుర్తు చూసి కొనండి. లేకిన్ కంపెనీ అప్‌డేట్ ఇవ్వకపోతే పాత సామానుకు ఆ భాగ్యం లేదు. అందుకని ఛోటే 'హోమ్ అసిస్టెంట్' పెట్టాడు. 2013లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్ మీద ఇంట్లోనే నడుస్తుంది. బల్బులు వెంటనే కలిశాయి, ప్లగ్గులు రెండు రాత్రులు జిద్దు చేశాయి.

అందులో నమాజ్ వేళలు లెక్కగట్టే భాగం కూడా ఉంది. కరాచీ పద్ధతి ఎంచుకుంటే ఫజర్‌కూ ఇషాకూ సూర్యుడు 18 డిగ్రీలు కిందున్న వేళను తీసుకుంటుంది. అసర్‌కు హనఫీ అని మనమే చెప్పాలి, లేకుంటే షాఫయీ లెక్కన ముందే వచ్చేస్తుంది. ఇప్పుడు ఫజర్ వేళకు వజూ చేసే చోట దీపం మెల్లగా వెలుగుతుంది. సహరీ ఆపడానికి మాత్రం మసీదు టైంటేబులే. అందులో ఎహ్తియాత్ నిమిషాలు కలిపి ఉంటాయి.

అసలు గొడవ అన్నీ ఒకచోటికి వచ్చాకే మొదలైంది. హాల్లో కూడా కెమెరా పెడదామన్నాడు భాయ్‌జాన్. అమ్మీ జారిపడితే ఎవరు చూస్తారని ఆయన ఫికర్. ఆ భయం నాకూ ఉంది, తప్పనను. అమ్మీ ఒక్కటే అడిగింది: "నా ఇంట్లో కూడా దుపట్టా కప్పుకునే తిరగాలా బేటా?" జుమా నాడు మొహల్లా ఆడవాళ్లు ఖురాన్ చదవడానికి వచ్చేది ఆ హాల్లోకే. సూరా నూర్‌లో చిన్నపిల్లలు సైతం మూడు వేళల్లో, అంటే ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునేటప్పుడు, ఇషా తర్వాత, ఇజాజత్ అడిగే లోపలికి రావాలని ఉంది. పెద్దయ్యాక ఎప్పుడైనా సరే అడగాలి. కెమెరా ఏ వేళా అడగదు.

మష్వరా చేసి వరండాలో, వంటింట్లో కదలికను పట్టే సెన్సర్లు పెట్టాం. వాటికి ముఖాలు కనిపించవు, మనిషి కదిలితే తెలుస్తుంది, అంతే. పొద్దున ఎనిమిదింటిదాకా ఏ కదలికా లేకపోతే మా ముగ్గురికీ కబురు వస్తుంది. కెమెరా గేటు బయటే ఉండిపోయింది.

ఇంకో మాట. గోడ మీది స్విచ్చి ఆపితే స్మార్ట్ బల్బుకు కరెంటే అందదు, యాప్ ఎంత నొక్కినా వెలగదు. ముసలివాళ్ల చెయ్యి గోడ మీదికే వెళ్తుంది. అందుకే స్విచ్‌బోర్డు వెనక చిన్న రిలే పెట్టించి, మామూలు బల్బులే ఉంచడం నయం. దానికి బోర్డులో న్యూట్రల్ వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించండి. రూటరును ఇన్వర్టరుకు కలపండి.

అడ్మిన్ ఖాతా ఎవరి పేరున ఉండాలని కూడా వాదన నడిచింది. పెట్టిన వాడిదని ఛోటే, డబ్బిచ్చిన వాడిదని భాయ్‌జాన్. చివరికి అమ్మీ పేరునే చేశాం. ఆమె ఫోనులో ఐదు పెద్ద బటన్లు ఉన్నాయి, మోటరుది అన్నిటికంటే పైన. పాస్‌వర్డ్ కాగితం బీరువాలో, ఇంటి రిజిస్ట్రీ కాగితాల పక్కన ఉంది. బీరువా తాళం అమ్మీ కొంగుకు ఉంటుంది.