మోనికా గొంతు, బిల్ ఇవాన్స్ పియానో

జాజ్ కొత్తగా వినేవాళ్లకి నేను మొదట చెప్పేది 1964లో స్టాక్‌హోంలో రికార్డైన ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’. స్వీడన్ గాయని మోనికా జెట్టర్‌లుండ్, వెనక బిల్ ఇవాన్స్ ట్రియో. ఇవాన్స్ తన అన్న కూతురి మీద కట్టిన బాణీని ఆమె స్వీడిష్‌లో పాడుతుంది. భాష రాకపోయినా ఏమీ అడ్డురాదు. ఆమె పాదం ముగిస్తుండగానే పియానో అందుకుంటుంది, కానీ గొంతు మీద పడదు. మన కచేరీలో వయొలిన్ గాయకుడి వెంట నడిచినట్టు.

మా ఎర్రుపాలెంలో అయితే రాత్రి గూడ్సు బండి దాటాకే ఇది వినాలి, బాస్ అప్పుడు గానీ తెలియదు.

ఉత్త ట్రియో కావాలంటే అదే పేరుతో 1961 న్యూయార్క్ లైవ్ రికార్డింగ్ ఉంది. గ్లాసుల చప్పుడు కూడా వినిపిస్తుంది. అందులో బాస్ వాయించిన స్కాట్ లఫారో 11 రోజులకే కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్లవాడు. ఆ బాస్ కోసమైనా వినండి.