దేనికి ప్రత్యామ్నాయం?

1990 దశకపు పాశ్చాత్య సంగీతంలో "ఆల్టర్నేటివ్" అన్న మాట విస్తారంగా చెలామణి అయింది. ఆల్టర్నేటివ్ అంటే ప్రత్యామ్నాయం. అయితే దేనికి ప్రత్యామ్నాయం? 1999లో మా చిన్నాన్న అమెరికా నుంచి తెచ్చిన పాత సంకలనం సీడీని యీ మధ్య మళ్ళీ వింటున్నప్పుడు నన్ను వదలని ప్రశ్న యిది.

చిన్న కంపెనీలు, కాలేజీ రేడియోలు పెంచిన సంగీతమది. 1991లో నిర్వాణా బృందం వెలువరించిన "నెవర్‌మైండ్" లక్షలాదిగా అమ్ముడుపోవడంతో పెద్ద కంపెనీలకు అందులో లాభం కనిపించింది. వొక సంస్థకు దేశమంతటా యిన్ని రేడియో కేంద్రాలకు మించి వుండరాదన్న పరిమితిని 1996లో అమెరికా ప్రభుత్వం ఎత్తివేసింది. కొద్ది యేళ్ళలోనే క్లియర్ ఛానెల్ అనే వొక్క సంస్థ చేతిలోకి 1200కు పైగా కేంద్రాలు చేరినవి. అసమ్మతి కూడా దుకాణంలో వొక అర అయిపోయింది. ఆ అరలోని సరుకే యీ సంకలనం. 17 బృందాలకు కలిపి వొకే అట్ట. ఏ పాట ఎందుకు పుట్టిందో ఆ అట్ట చెప్పదు.

అందులో 1997 నాటి "టబ్‌థంపింగ్" వున్నది. చిన్నతనంలో నేను గంతులు వేసిన పాట. పాడినవారు ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన చంబావాంబా అనే అరాచకవాద బృందం. 1989లో ఇ.ఎం.ఐ. కంపెనీని దుయ్యబట్టే సంకలనానికి పాట యిచ్చిన వీరే 1997లో ఆ కంపెనీతో వొప్పందం చేసుకున్నారు. అమ్ముడుపోయారని పాత సహచరులే నిందించారు. ఆ నింద అకారణం కాదు. కాని కథ అక్కడ ఆగలేదు.

తోటి కార్మికుల పికెటింగును దాటి పనిలోకి పోమన్నందుకు 1995లో లివర్‌పూల్ రేవు కార్మికులు వుద్యోగాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా పోరాడి 1998 జనవరిలో వోడిపోయారు. మరుసటి నెల బ్రిట్ అవార్డుల సభలో చంబావాంబా వారు లేబర్ ప్రభుత్వం కార్మికులను వంచించిందన్న ఆరోపణను యీ పాటలోనే చేర్చి పాడారు. బృంద సభ్యుడొకడు ఉప ప్రధాని జాన్ ప్రెస్కాట్ మీద చల్లటి నీళ్ళు కుమ్మరించాడు. ఆ ప్రెస్కాట్ వొకప్పుడు ఓడలలో పనిచేసి, కార్మిక సంఘంలో ఎదిగినవాడే!

దీనివల్ల వ్యవస్థ మారిందా? లేదు. నీళ్ళు ఆరిపోయినవి, పోయిన వుద్యోగాలు తిరిగి రాలేదు. అరాచకవాదంతో మనకు పేచీ వుండవచ్చు కూడా. అయినా, అమ్ముడైన కళ అంతా అబద్ధమేననే విమర్శకులతో నేను ఏకీభవించలేను. ధనస్వామ్యంలో పాట సరుకు కాక తప్పదు; సరుకుగానే మిగిలిపోవాలని మాత్రం లేదు. విడిగా వింటే యిది సారాయి దుకాణపు కేరింత. రేవు కార్మికుల కథతో కలిపి వింటే, వోడినా లొంగనివారి గొంతు. మొదటిది యిచ్చిన ఆనందాన్ని రెండవది నాకు తగ్గించలేదు, దానికొక అర్థం యిచ్చింది.

అమ్మకాల లెక్క కంపెనీ రాసుకుంటుంది. అట్ట మీద లేని ఆ కథను రాయవలసినది విమర్శకుడే.