పోయేటప్పుడు మెడికల్ ఎవరు చేస్తారు?

కువైట్‌లో ఉన్న మన తెలుగోళ్లందరికీ, ఎండాకాలం వస్తా ఉంది కాబట్టి ఒక మాట చెప్పాలి. కొంచెం పొడుగుంటుంది, డ్యూటీ అయినాక తీరిగ్గా చదవండి.

మనమంతా ఈ దేశానికి ఎట్లా వచ్చినాం? ఊరి దగ్గర రక్తం ఇచ్చి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోని, టీబీ లేదు, ఎయిడ్స్ లేదు, హెపటైటిస్ లేదు అని ఫిట్ ముద్ర పడితేనే వచ్చినాం. దిగినాక ఇక్కడ మళ్లీ పరీక్ష, ఆ తర్వాతే అకామా. దాంట్లో తప్పేమీ లేదు. ఒక రూములో ఎనిమిది మంది పడుకునే చోట ఒకరికి టీబీ ఉంటే మిగతా ఏడుగురికీ ప్రమాదమే. పదిమంది ఆరోగ్యం కలిపి చూడడాన్నే ప్రజారోగ్యం అంటారు.

అయితే పదిహేనేళ్లు పని చేసి తిరిగి పోయేటప్పుడు మనకు మెడికల్ ఎవరూ చేయరు. వచ్చేటప్పుడు జబ్బు ఏమైనా తెచ్చినామా అని చూసేవాళ్లున్నారు. పోయేటప్పుడు ఏం తీసుకుపోతున్నామో మనమే చూసుకోవాలి.

ఆరోగ్యానికీ డబ్బుకీ ఏం సంబంధం అంటారా? మనం కట్టుబడి పనోళ్లం, కట్టుబడి సంగతే చెప్తాం. పనామా కాలువను 1881లో ఫ్రెంచి వాళ్లు మొదలుపెట్టినారు. మిషన్లు తెచ్చినారు, డబ్బు కుమ్మరించినారు. మలేరియా, ఎల్లో ఫీవర్ వచ్చి 20 వేల మందికి పైగా చనిపోయినారని లెక్క. ఇంకా కారణాలు కూడా ఉన్నాయి, మొత్తానికి 1889లో కంపెనీ దివాలా తీసింది. 1904లో అమెరికా వాళ్లు తీసుకున్నాక, గోర్గాస్ అనే మిలిటరీ డాక్టరు ముందు దోమల మీద పడినాడు. నిలవ నీళ్లు తీయించినాడు, గుంటల్లో నూనె పోయించినాడు, కిటికీలకు జాలీలు కొట్టించినాడు. 1914లో కాలువ తెరుచుకుంది. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం బయటపడింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టులో, రొనాల్డ్ రాస్ చేతిలో. పనోడి ప్రాణం కాపాడినాకే ఆ కాలువ పూర్తయింది, ప్రపంచ వ్యాపారం దాంట్లో నడిచింది.

ఇప్పుడు మన కువైట్‌లో దోమ స్థానంలో ఎండ ఉంది. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొట్టింది. అందుకే జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది. మంచి రూలు. కానీ 11 లోపల కూడా ఎండ ఎండే, రాత్రి పోతల్లో ఉక్క ఉక్కే.

మేము సూపర్‌వైజర్లం రోజూ చూసేది ఒకటుంది. లారీ వస్తే కాంక్రీటుకు థర్మామీటరు పెడతాం. వేడి ఎక్కువుంటే వెనక్కి పంపిస్తాం, ఐసు కలిపించి తెప్పిస్తాం. ఆ కాంక్రీటు పోసే మనిషి ఎంత కాగిపోయినాడో ఎవరూ కొలవరు. సిమెంటు లేకపోతే పని ఆగుతుంది. చల్లనీళ్లు లేకపోతే కూడా ఆగాలి. మన తోటి ఫోర్‌మన్లు ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే చాలు.

పనోళ్లకు కూడా చెప్పాలి. బాత్రూం దూరమని నీళ్లు తాగడం మానేస్తారు. నిద్ర ఆపుకోడానికి ఎనర్జీ డ్రింకు తాగుతారు. ఒళ్లు నొప్పులకు డాక్టరును అడక్కుండా మాత్ర మింగుతారు. ఒంట్లో నీళ్లు లేనప్పుడు ఆ నొప్పి మాత్రలు కిడ్నీల మీద పడతాయి. ముందు ఏమీ తెలియదు. కాళ్లు వాచేసరికి చాలా వరకు చేయి దాటిపోయి ఉంటుంది. మా పాత క్యాంపులో ఒక స్టీల్ ఫిక్సర్ తమ్ముడు అట్లనే ఇంటికి పోయినాడు. ఇక్కడి సంపాదనతో కొన్న రెండెకరాలు డయాలసిస్ తిరుగుళ్లకే అయిపోయినాయి. నేపాల్‌లో కూడా గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వయసు కుర్రోళ్లు డయాలసిస్ బెడ్ల మీద ఉన్నారు. మన శ్రీకాకుళం ఉద్దానం వాళ్లకైతే ఈ జబ్బు గురించి చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టాల్సి వచ్చింది.

2022లో బయట దేశాల నుంచి ఇండియాకు వచ్చిన డబ్బు పదివేల కోట్ల డాలర్లు దాటింది. దాంట్లో మన చెమట కూడా ఉంది. వేడి వల్ల 2030 నాటికి ప్రపంచంలో 8 కోట్ల ఉద్యోగాలంత పని పోతుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లోనే చెప్పింది. దేశాల లెక్క అది. మన లెక్క చిన్నది: మనిషి పడిపోతే ఇంటికి పోయే డబ్బు ఆగిపోతుంది, ఇంటి నుంచి ఆసుపత్రికి పోయే డబ్బు మొదలవుతుంది.

కాబట్టి అన్నలారా, తమ్ముళ్లారా, ఈసారి లీవులో ఊరికి పోయినప్పుడు బంగారం షాపుకన్నా ముందు ల్యాబుకు పోండి. బీపీ, షుగర్, క్రియాటినిన్, యూరిన్ పరీక్ష చేయించుకోండి. పెద్ద ఖర్చేమీ కాదు. ఆ కాగితం పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి, మళ్లీ లీవులో చేయించి పక్కన పెట్టి చూసుకోండి. సైటులో మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్లు చాలడం లేదని అర్థం. తల తిరిగితే సిగ్గుపడకుండా చెప్పండి, నీడకు రండి.

చదవడం రానివాళ్లు రూములో ఉంటే వాళ్లకు ఇది చదివి వినిపించండి. జూన్ రాకముందే.