ముక్కున్నది కంటి కోసమే!

పీడనం అంటే ఏమిటో మా బందరు వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కార్తీకం వస్తే చాలు, "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట చెవిన పడుతుంది. కొవ్వొత్తులూ అగ్గిపెట్టే దగ్గర పెట్టుకుని కూర్చుంటాం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచేశాక ఆ మాటని తేలిగ్గా తీసుకునేవాళ్ళు మా జిల్లాలో లేరు.

సముద్రం మీద గాలి బరువు తగ్గితే అది. మరి సముద్రం లోపలికి మనమే దిగితే? అక్కడ బరువు పెరుగుతుంది. పది మీటర్లు దిగేసరికి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు! ఆ బరువు చేసే పని మొన్నామధ్య గుడివాడలో మా అక్కయ్య ఇంట్లో చూశాను.

అక్కయ్య కూతురు కొత్తగా పెళ్ళయి, మొగుడితో అండమాను వెళ్ళింది. వీపుకి గాలి సిలిండరు, మొహానికి అద్దాల మాస్కు తగిలించుకుని స్కూబా డైవింగు చేసిందట. ఇంటికొచ్చిన పిల్లని చూసి అక్కయ్య గుండె గుభేలుమంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. రెప్పల చుట్టూ కమిలి నల్లబడింది. పక్కింటి మామ్మగారు దిష్టి తీస్తానని ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చారు. అక్కయ్య మాత్రం పిల్లని వంటింట్లోకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి, "నిజం చెప్పవే, అబ్బాయి చెయ్యి చేసుకున్నాడా?" అంది.

"అయ్యో అమ్మా! చేసుకున్నది ఆయన కాదు, సముద్రం!" అని పకపకా నవ్వింది పిల్ల.

నిజమే. చిన్నప్పుడు స్టీలు గ్లాసు మూతికి ఆనించి గాలి పీల్చేవాళ్ళం, గుర్తుందా? అది మూతిని పట్టేసుకుని చుట్టూ ఎర్రటి మచ్చ పెట్టేది. మాస్కు చేసేదీ అంతే. లోతుకి పోయేకొద్దీ లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ వెలితి పూడకపోతే మాస్కు కళ్ళని తనవైపు పీలుస్తుంది. తెల్లగుడ్డు మీది సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి. దీన్నే మాస్క్ స్క్వీజ్ అంటారు.

దీనికి విరుగుడు మన ముక్కే! దిగేటప్పుడు ముక్కుతో కొంచెం కొంచెంగా గాలి మాస్కులోకి వదిలితే సరి. డైవింగు మాస్కు ముక్కుని కూడా కప్పేది అందుకే. కళ్ళని మాత్రమే మూసే ఈత అద్దాలతో లోతుకి దిగకూడదనేదీ అందుకే. రంగురంగుల చేపల్ని చూసే సంబరంలో మా పిల్ల ముక్కు మాటే మరిచిపోయింది.

కంటి డాక్టరుగారు చూసి, చూపుకేం ఢోకా లేదు, రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుందన్నారు. తగ్గింది కూడా. కానీ నొప్పి పుట్టినా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇంకో మాట. రెటీనా ఆపరేషనులో కొందరికి కంట్లో గ్యాసు బుడగ పెడతారు. అది పూర్తిగా కరిగిందని డాక్టరు చెప్పేదాకా డైవింగు సరే, విమానం కూడా ఎక్కకూడదు. పైకి పోయేకొద్దీ గాలి బరువు తగ్గి బుడగ ఉబ్బుతుంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. అమెరికాలో మనవడి బారసాలకని తొందరపడే అమ్మమ్మలూ, వింటున్నారా? అల్పపీడనం ఆకాశంలోనూ మనల్ని వదలదు!

అన్నట్టు, అక్కయ్య అలా అడగడం తప్పని నేననను. దిష్టి తీసి ఊరుకోవడం కన్నా అడగడమే నయం. కమిలిన కళ్ళన్నిటికీ కారణం సముద్రమే కాదుగా!