మూడు శాతాలు

ప్రమాదం జరిగేనాటికి నా వయసు ముప్పై ఐదు. జీతం 24 వేలు. ఊరు శ్రీకాకుళం జిల్లా. ఐటీఐ అయ్యాక మా ఊరి కుర్రాళ్లు చాలామందిలాగే నేనూ హైదరాబాద్ శివారు బల్క్ డ్రగ్ కంపెనీలకు వచ్చి, హెల్పర్‌గా చేరి సీనియర్ ఆపరేటర్‌ని అయ్యాను. వయసూ జీతమూ మొదటే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నా కేసంతా వాటిమీదే నడిచింది.

2021 చివర్లో ఒక నైట్ షిఫ్టు. టోలుయీన్ ఉన్న రియాక్టర్‌లోకి మ్యాన్‌హోల్ గుండా పౌడర్ ఛార్జ్ చేస్తున్నాం. ప్లాస్టిక్ సంచిలోంచి పొడి జారేటప్పుడు స్టాటిక్ పుడుతుంది. పైన సాల్వెంట్ ఆవిరి ఉంటుంది. అందుకే లోపల నైట్రోజన్ నింపి ఉంచాలి, ఎర్తింగ్ సరిగా ఉండాలి. ఆ రాత్రి నైట్రోజన్ లైన్ మరమ్మతులో ఉంది. బ్యాచ్ ఆపడానికి వీల్లేదని పైనుంచి చెప్పారు. మూడో సంచి సగం పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. మ్యాన్‌హోల్ లోంచి ఒక్క ఊపున మంట లేచింది. మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. కళ్లు దక్కాయి. చేతులు, మెడ, గడ్డం కింది భాగం, ఛాతీ పైభాగం కాలిపోయాయి. రబ్బరు గ్లౌజులు కరిగి చర్మానికి అంటుకుపోయాయి. సేఫ్టీ షవర్ కింద నిలబెట్టి నీళ్లు పోస్తుంటే తోటి ఆపరేటర్ వాటిని లాగబోయాడు. ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్న ఇంకో అబ్బాయి వద్దని అరిచాడు. ఆ అరుపు నాకిప్పటికీ మేలు చేసిన మాట.

ఆసుపత్రిలో ముప్పై శాతం కాలిందని రాశారు. మనిషి అరచేయి వేళ్లతో కలిపి అతని ఒంట్లో సుమారు ఒక శాతం ఉంటుందని, ఆ లెక్కన చూస్తారని నర్సమ్మ చెప్పింది. నా కేసులో అది మొదటి శాతం. అప్పటికి నాకు అదొక్కటే ఉంటుందనుకున్నాను.

మొదటి కొన్ని వారాలు కంపెనీయే బిల్లులు కట్టింది. తొడమీది చర్మం తీసి చేతులకు, మెడకు అతికారు. డ్రెస్సింగ్ మార్చే రోజున పొద్దుటి నుంచే వణుకు పట్టుకునేది. మంట కంటే దురద ఎక్కువ బాధపెడుతుందని అప్పుడు తెలిసింది. గోకడానికి వేళ్లు కట్లలో ఉండేవి. మా ఆవిడ రాత్రంతా కట్టు మీద అరచేత్తో మెల్లగా తడుతూ కూర్చునేది.

ఆ రోజుల్లోనే హెచ్‌ఆర్ వాళ్లిద్దరు వార్డుకు వచ్చారు. పళ్లు తెచ్చారు, స్టాంపు కాగితం తెచ్చారు, ఇంకు ప్యాడ్ కూడా తెచ్చారు. మూడు లక్షలు ఇస్తారట. ఇక కంపెనీ మీద ఏ క్లెయిమూ లేదని రాసివ్వాలట. నా రెండు చేతులూ కట్లలో ఉన్నాయి కదా, అందుకని కాలి బొటనవేలి ముద్ర వేయిస్తే చాలన్నారు. మా ఆవిడ నా కాళ్లమీద దుప్పటి సరిచేసి మంచం చివర నిలబడింది. "మా అన్నయ్యని అడిగి చెప్తాను సార్, ఇప్పుడు కాదు" అంది. అప్పటికి ఇంట్లో డబ్బులైపోయాయి, పిల్లవాడి ఫీజు కట్టాల్సి ఉంది. ఆ కాగితం చట్టం ముందు చెల్లదని మాకు అప్పుడు తెలియదు. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు కార్మికుడితో రాయించుకునే ఒప్పందం ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లేది కాదు. అది తెలియకుండానే ఆవిడ నిలబడింది. ఆవిడ గురించి ఇంతకంటే పెద్దమాట నాకు దొరకదు.

ముద్ర పడకపోయేసరికి బిల్లులు ఆగాయి. ప్రభుత్వాసుపత్రికి మారాం. అక్కడి కాలిన గాయాల వార్డులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్ల కథలు నావి కావు, రాయను.

డిశ్చార్జి అయ్యాక కార్మిక సంఘం ద్వారా ఒక లాయరు గారి దగ్గరికి వెళ్లాం. మొదట ఆయన అడిగింది జీతం స్లిప్పు. చూసి, ఈఎస్ఐ ఉందా అన్నారు. లేదు. నెల జీతం 21 వేలు దాటితే ఈఎస్ఐ వర్తించదు. ఉండుంటే సంపాదించే శక్తి ఎంత పోయిందో ఆ నిష్పత్తిలో జీతంలో తొంభై శాతం లెక్కన నెలనెలా జీవితాంతం వచ్చేది. లేదు కనుక 1923 నాటి ఆ ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం కిందే లేబర్ కమిషనర్ దగ్గర కేసు వేయాలి. ఆ చట్టంలో జీతం ఎంత ఉన్నా 15 వేలే లెక్క. 2020 జనవరి వరకు అదీ 8 వేలే. ఈఎస్ఐకి నా జీతం ఎక్కువైంది, పరిహారానికి వచ్చేసరికి నా జీతంలో తొమ్మిది వేలు లేకుండా పోయాయి. ఈ అన్యాయం ఎవరో ఒక అధికారి చేసింది కాదు, రాతలోనే ఉంది. అందుకే ఇంకా ఎక్కువ మండుతుంది.

లెక్క ఇలా కట్టారు. 15 వేలలో అరవై శాతం, అంటే 9 వేలు. ముప్పై ఐదేళ్ల వయసుకు చట్టంలో ఇచ్చిన గుణకం 197.06. రెండూ హెచ్చిస్తే 17,73,540 రూపాయలు. అది సంపాదన పూర్తిగా పోయినవాడికి. నాకు అందులో ఎన్నో వంతు వస్తుందన్నదే గొడవ.

చెయ్యి తెగితే ఎంత, కన్ను పోతే ఎంత అని చట్టం షెడ్యూల్లో పట్టిక ఉంది. కాలిన చేతులకు పట్టిక లేదు. మొహం మరీ ఘోరంగా వికృతమైతే నూరు శాతం అని ఒక వరుస ఉంది. నాది అంత కాదన్నారు, నేనూ వాదించలేదు. సదరం శిబిరంలో డాక్టర్లు వేళ్లు వంచి చూసి, మెడ తిప్పమని చూసి 55 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చారు. అది రెండో శాతం. కంపెనీ లాయరు దాన్నే పట్టుకున్నాడు. అసలు కాలింది ముప్పై శాతమేనని ఆసుపత్రి కాగితం కూడా చూపించాడు. ముప్పై అయితే 5,32,062. యాభై ఐదు అయితే 9,75,447. ఏళ్ల తరబడి ఆ రెండు అంకెల మధ్య నన్ను అటూ ఇటూ లాగారు.

కంపెనీ తరఫు జవాబు, అంటే కౌంటర్‌లో ఇంకో మాట రాశారు. ఎర్తింగ్ క్లిప్పు నేనే పెట్టలేదట, తప్పు నాదట. అది చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. ఆ క్లిప్పు తీగ తుప్పుపట్టి తెగిందని షిఫ్టు లాగ్‌బుక్‌లో నేనే రాసి ఉన్నాను. లాగ్‌బుక్ కంపెనీ దగ్గర ఉంది, ఇవ్వలేదు. నలభై ఎనిమిది గంటలు పనికి రాలేనంత గాయమైతే ఫ్యాక్టరీస్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలని అప్పటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. నా ప్రమాదం గురించి ఇన్‌స్పెక్టర్ రాసిన నివేదికకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. మొదటిసారి మూడో పక్షం సమాచారమని తిప్పి పంపారు. అప్పీలుకు వెళితే వచ్చింది. నైట్రోజన్ లేకుండా ఛార్జింగ్ చేయించారనీ, ఎర్తింగ్ కంటిన్యుటీ లేదనీ అందులో స్పష్టంగా ఉంది. ఆ కాగితం వచ్చాక కౌంటర్‌లోని ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఒక వాయిదాలో నాతో డిపాజిషన్ మీద సంతకం పెట్టించారు. పెట్టాను. "సంతకం పెట్టగలుగుతున్నాడు కదండీ" అన్నాడు అవతలి లాయరు. పెన్ను నాకు చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇరుక్కుంటుంది, పట్టు ఉండదు, అక్షరం గీతలు పోతుంది. పెన్ను మూత మా ఆవిడే తీసి ఇచ్చింది. అది రికార్డులోకి ఎక్కదు.

కేసును నిలబెట్టింది మా వైపు పిలిపించిన ప్లాస్టిక్ సర్జన్ గారు. వాళ్ల లాయరు 55 శాతం సరైనదే కదా అన్నాడు. సరైనదేనన్నారాయన. అది శరీరానికి కట్టిన శాతం, ఇతను చేసే పనికి కట్టింది కాదు అన్నారు. అతికిన చర్మంలో చెమట గ్రంథులు ఉండవనీ, వేడి ఒంట్లోంచి బయటికి పోదనీ, స్టీమ్ లైన్ల పక్కన పని చేయిస్తే మనిషి పడిపోతాడనీ చెప్పారు. సాల్వెంట్ తగిలితే ఆ చర్మం పగులుతుంది. పిడికిలి బిగియదు కనుక వాల్వు తిప్పలేడు. నిచ్చెన ఎక్కి జారితే పట్టుకోలేడు. సంపాదించే శక్తిలో పోయింది ఎనభై శాతమని చెప్పారు. అది మూడో శాతం. మా లాయరు గారు సుప్రీంకోర్టు 1975లో ఇచ్చిన ఒక తీర్పు చదివారు. మోచేతి పైన ఎడమచేయి పోయిన వడ్రంగి కేసు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కనుక అతనికి నూరు శాతం నష్టమేనని కోర్టు అంది. ఆ వడ్రంగి ఎవరో, ఏమయ్యాడో నాకు తెలియదు. ఆ రోజు హాల్లో నాకు అతనే పెద్ద దిక్కు అనిపించాడు.

2024లో ఆర్డరు వచ్చింది. ఎనభై శాతం, 14,18,832 రూపాయలు, ప్రమాదం జరిగిన నెల తర్వాత నుంచి ఏడాదికి 12 శాతం వడ్డీ. ఆ పదిహేను వేల పరిమితి లేకపోతే ఇంకో ఎనిమిదిన్నర లక్షలు వచ్చేవి. కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. ఈ చట్టంలో యజమాని అప్పీలు వేయాలంటే ముందు మొత్తం సొమ్ము కమిషనర్ దగ్గర జమ చేయాల్సి ఉండేది. పేదవాడి కోసం ఎవరో నిజంగా ఆలోచించి రాసిన నిబంధన అది. సగం తీసుకోవడానికి హైకోర్టు అనుమతిచ్చింది. ఆ డబ్బులో చాలావరకు వార్డులో ఉన్నప్పుడు చేసిన అప్పులకే పోయింది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో, 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా కంపెనీల్లో పేలుళ్లు జరిగినప్పుడు ముఖ్యమంత్రులు వచ్చారు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు కోటి చొప్పున ప్రకటించారు. ఇవ్వాల్సిందే, ఎంతిచ్చినా ఆ ఇళ్లు నిండవు. నేను టీవీ ముందు కూర్చుని గాయపడ్డవాళ్ల పేర్లు వెతికాను. ఒక్కడే కాలిన రాత్రికి మంత్రులు రారు, ప్రకటన ఉండదు. వాడికి ఉన్నదల్లా ఆ చట్టమే. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం పోయి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. కొత్తదాంట్లోనైనా కాలినవాళ్ల అసలు జీతం లెక్కలోకి రావాలని నా కోరిక.

మెడమీది చర్మం మళ్లీ బిగుసుకుపోతోంది, గడ్డం కిందికి లాగుతోంది. ఇంకో ఆపరేషన్ చేయాలన్నారు. వైద్యానికి అయిన అసలు ఖర్చు యజమాని విడిగా చెల్లించాలని పాత చట్టంలో 2009 సవరణతో చేరింది. ఆ బిల్లులకు వేరే పిటిషన్ వేశాం. నోటీసు అందింది. కౌంటర్ ఇంకా వేయలేదు.