చెట్టు మీద ఒక్కడు.. సంఘంలో పదిమంది!

ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. చంపావతి మీదుగా చల్లగాలి వీస్తోంది. నెల్లిమర్ల చుట్టుపక్కల పొలంగట్ల మీద వరసగా నిలబడ్డ తాళ్లు ఆకాశంలో నల్లగీతల్లా కనిపిస్తున్నాయి. వాటిలో ఓ చెట్టు మీద, అరవై అడుగుల ఎత్తున చిన్న కదలిక. నడుముకు మోకు, కాళ్లకు బంధం, చేతిలో కత్తి. గెల చివర పలుచగా ఓ చెక్కు చెక్కి, నిండిన లొట్టి విప్పి, ఖాళీది కట్టి మెల్లగా దిగుతాడు. వెంటనే పక్క చెట్టెక్కుతాడు. సాయంత్రం మళ్లీ అవే చెట్లు.

అంత ఎత్తున అతడి పక్కన ఎవరూ ఉండరు. కాలు జారితే పట్టుకునే చెయ్యి ఉండదు. మరి ఆ ఒంటరి మనిషికి అండ ఏది?

అది చెట్టు మీద లేదు.. కింద ఓ రిజిస్టర్లో ఉంది! కల్లుగీత కార్మికుల సహకార సంఘంలో అతడి పేరుందా, లేదా అన్నదాంట్లో ఉంది.

మిల్లు ఊరు.. తాళ్ల ఊరు

నెల్లిమర్ల అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది జూట్‌మిల్లు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పండే గోగునారకూ ఈ ఊరికీ దాదాపు వందేళ్ల బంధం. సంఘం అంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మిల్లు మూతపడిన ప్రతిసారీ, తెరుచుకున్న ప్రతిసారీ కార్మికులు గేటు ముందు గుమిగూడారు. 1994 జనవరి 29న పోలీసు కాల్పుల్లో ఐదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజును ఊరు మరచిపోలేదు.

మిల్లు కార్మికుడికి ఓ గేటుంది. షిఫ్టు మారేటప్పుడు వందలమంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. గీత కార్మికుడికి ఆ వీలు లేదు. ఒకరు ఈ గట్టు మీద, మరొకరు ఆ చెరువు అవతల. పొద్దున చెట్టు, మధ్యాహ్నం కల్లుపాక, సాయంత్రం మళ్లీ చెట్టు. సంక్రాంతి వెళ్లాక మొదలయ్యే హడావుడి ఎండలు ముదిరేదాకా సాగుతుంది. అందుకే వీళ్లకు సంఘమే గేటు!

ఒక్క ఓటు.. కూలిన ప్రభుత్వం

గీత కార్మికులు కలసికట్టుగా నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి ఉత్తరాంధ్ర చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో అమలైన మద్యనిషేధం 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాకా కొనసాగింది. కల్లు గీయడం నేరమైపోయింది. తాతల నాటి వృత్తి పోయి, వేలాది కుటుంబాలు రోడ్డున పడ్డాయి. దొంగచాటుగా గీసినవాళ్లు కేసుల పాలయ్యారు.

నిషేధం తీరుతెన్నులు పరిశీలించడానికి వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమంది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మాత్రం ఒప్పుకోలేదు. అప్పుడు గీత కార్మికుల తరఫున సత్యాగ్రహానికి నడుం కట్టినవాడు శ్రీకాకుళం జిల్లా బారువలో గీతవృత్తి కుటుంబంలో పుట్టిన గౌతు లచ్చన్న. ఆందోళన రాష్ట్రమంతా పాకింది. చివరికి 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానం నెగ్గింది. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది!

చెట్టెక్కేవాడి కష్టం అసెంబ్లీ మెట్లెక్కింది అప్పుడే. 2006లో కన్నుమూసేదాకా లచ్చన్న ఈ ప్రాంతానికి 'సర్దార్' గానే మిగిలారు.

పేరుంటే ఏం లాభం?

నిషేధం పోతే కష్టాలన్నీ తీరాయా అంటే.. లేదు. కల్లు దుకాణాలు వేలంలో పాడుకునే కాంట్రాక్టర్ల చేతిలో ఉన్నచోట చెట్టెక్కేది ఒకరు, లాభం లెక్కపెట్టుకునేది మరొకరు. ఈ పద్ధతికి విరుగుడుగా వచ్చినవే సహకార సంఘాలు. ఎక్సైజు శాఖ ఇచ్చే లైసెన్సు సంఘం పేరున ఉంటుంది. చెట్లు సభ్యులకు దక్కుతాయి. గీసినవాడే అమ్ముకుంటాడు. సంఘం లేనిచోట ఎవరికి వారు చెట్టు లైసెన్సు తీసుకునే పద్ధతీ ఉంది. కాకపోతే ఆఫీసుల చుట్టూ తిరగడం, చెట్ల యజమానితో మాట్లాడుకోవడం, తగాదా వస్తే తేల్చుకోవడం.. అన్నీ ఒక్కడే చూసుకోవాలి. గెలలు పొంగే రోజుల్లో చెట్టు వదిలి ఆఫీసుకు వెళ్తే ఆ పూట కల్లు పోయినట్టే. అదే సంఘమైతే ఒకరు కాగితాలు పట్టుకెళ్తే మిగతావాళ్లు పనిలో ఉంటారు.

అన్నిటికన్నా పెద్ద లాభం, ఎవరికీ అవసరం పడకూడదని కోరుకునేది.. ప్రమాద పరిహారం. తాడిచెట్టు మీంచి పడితే బతికి బట్టకట్టడం కష్టం. బతికినా నడుము విరిగి మంచాన పడేవాళ్లే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022-27 కల్లుగీత విధానంలో కల్లు అద్దెలను రద్దు చేసింది. ప్రమాదంలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికిచ్చే సాయాన్ని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. ఈ సాయం అడగాలంటే ముందు చూపించాల్సింది లైసెన్సు, సభ్యత్వం. 'రేపు చేరదాంలే' అనుకున్నవాడి భార్యాబిడ్డలకు ఆ రేపు ఎప్పటికీ రాకపోవచ్చు.

2025లో మరో అవకాశం వచ్చింది. మద్యం దుకాణాల్లో పదిశాతం గీత కులాలకు కేటాయించి, లైసెన్సు ఫీజు సగానికి తగ్గించారు. మంచిదే! అయితే సగం ఫీజు కట్టడానికైనా, సరుకు దింపుకోవడానికైనా లక్షలు కావాలి. రోజూ చెట్టెక్కేవాడి దగ్గర అంత డబ్బెక్కడిది? పేరు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది అయితే పాత కాంట్రాక్టరు కొత్త చొక్కా వేసుకుని వచ్చినట్టే. పదిమంది చేతులు కలిపితేనే ఆ దుకాణం నిజంగా వాళ్లదవుతుంది.

షాంపేన్ నుంచి ఉడన్‌గుడి దాకా

పానీయం చేసేవాళ్లు సంఘం కట్టడం మన దగ్గరే ఉన్న ముచ్చట కాదు. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో ద్రాక్ష పండించే రైతులు, వైన్ తయారుచేసే కంపెనీలు 1941లో ఉమ్మడి సంఘంగా ఏర్పడ్డారు. బేరంలో ఎదురెదురుగా కూర్చునే రెండు పక్షాలూ ఊరి పేరు కాపాడుకోవడానికి ఒక్కటయ్యాయి. ఇవాళ ఐరోపా సమాఖ్యలో మరెక్కడ తయారైన వైన్‌కూ ఆ పేరు పెట్టుకునే హక్కు లేదు.

అంత దూరం ఎందుకు? కేరళలో కల్లు కార్మికుల కోసం 1969లోనే ప్రత్యేక సంక్షేమ నిధి చట్టం వచ్చింది. తెలంగాణలో 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో, జారినా కింద పడకుండా ఆపే కిట్ల పంపిణీ మొదలైంది. తమిళనాడులోని ఉడన్‌గుడి తాటిబెల్లం 2023లో భౌగోళిక గుర్తింపు సంపాదించింది. ఈ గుర్తింపు కోసం ఏ ఒక్కరో సొంతంగా దరఖాస్తు చేసుకోవడం కుదరదు. ఉత్పత్తిదారుల సంఘమో, ఏదైనా సంస్థో అడగాలి.

నెల్లిమర్ల తాళ్లకూ ఆ దారి మూసుకుపోలేదు. కల్లు మత్తు పానీయమే, కాదనలేం. కానీ అదే గెల నుంచి లొట్టికి సున్నం పూసి, పులవకుండా దింపితే నీరా అవుతుంది. కాస్తే తాటిబెల్లం. పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో నీరా, తాటిబెల్లం తయారీపై పరిశోధనలు చేస్తున్నారు. నీరా ఎండెక్కితే పులుస్తుంది. చల్లబరిచే యంత్రం, సీసాలు, బండి ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అక్కడా మళ్లీ సంఘమే కావాలి.

చెట్టుంటేనే సంఘం

ఇంతకీ అసలు బెంగ వేరే ఉంది. ఇదే నియోజకవర్గంలోని భోగాపురానికి విమానాశ్రయం వచ్చేసరికి చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చాయి. లేఅవుట్ వేసేవాడికి గట్టు మీది తాడి అడ్డం. ఇటుక బట్టీవాడికి అది కట్టె. కొట్టడానికి గంట చాలు. మళ్లీ మొక్క పెట్టి కల్లు చూడాలంటే పన్నెండు, పదిహేనేళ్లు ఆగాలి. తండ్రి నాటితే కొడుకు ఎక్కే చెట్టది! కొడుకులేమో విశాఖ బస్సెక్కుతున్నారు. వాళ్లను తప్పుపట్టగలమా?

ఒంటరిగా అడిగితే చెట్టు యజమాని వినడు, ఆఫీసులో గుమాస్తా వినడు. పదిమంది కలసి వెళ్తే కనీసం కుర్చీ చూపిస్తారు. మిల్లు గేటు దగ్గర నెల్లిమర్ల నేర్చుకున్న పాఠమిదే. తాళ్ల కిందా అదే పనికొస్తుంది.

పొద్దెక్కింది. ఆఖరి చెట్టు దిగిన మనిషి మోకును చుట్టచుట్టి భుజాన వేసుకున్నాడు. ఒక్క పోగైతే పిల్లాడి చేతికీ తెగిపోతుంది. పోగులన్నీ కలిపి పేనితే నిండు మనిషిని అరవై అడుగుల ఎత్తున ఆపుతుంది. సంఘమూ అంతే!

ఇలా వెళ్లొచ్చు

విజయనగరం నుంచి నెల్లిమర్ల పది కిలోమీటర్ల లోపే. పాలకొండ వైపు వెళ్లే బస్సులన్నీ ఈ ఊరి మీదుగానే వెళ్తాయి. హౌరా-చెన్నై లైన్లో నెల్లిమర్ల స్టేషనూ ఉంది. ఇదే మండలంలోని రామతీర్థంలో సీతారామస్వామి ఆలయం, గురుభక్తుల కొండ మీద బౌద్ధ శిథిలాలు చూడొచ్చు. వేసవిలో వెళ్తే దారిలో ముంజెలు, చలికాలమైతే తేగలు రుచిచూడటం మరచిపోకండి.